చర్చి చరిత్రలో మనవాళ్ల పేర్లేవి?

మన గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి చేలకూ మిరప తోటలకూ నడుమ ఉన్న చిన్న చిన్న చర్చిలు ఒక్కొక్కటే వందేళ్లు నింపుకుంటున్నాయి. శతాబ్ది పండుగ చేస్తారు, పండుగకొక సంచిక వేస్తారు. అలాంటి సంచికలు చేతికందినవన్నీ మేము చదువుతూ వస్తున్నాం. మొదటి పేజీలో దొరగారి ఫొటో. రెండో పేజీలో దొరసాని గారు. తర్వాత బిషప్పు గారి సందేశం, ఎమ్మెల్యే గారి శుభాకాంక్షలు. శంకుస్థాపన ఏ రోజు జరిగింది, గంట ఏ దేశం నుంచి ఓడలో వచ్చింది, ఏ ఏడు రేకులు తీసి శ్లాబు వేశారు, ఏ పాస్టరు గారు ఎన్నేళ్లు పనిచేశారు. ఇంత వివరంగా రాసిన చేతులే మన దగ్గరికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెడతాయి. అజ్ఞానంలో, దొంగతనాల్లో మునిగి ఉన్న ఎరుకల వారిని ప్రభువు వెలుగులోకి తెచ్చాడట. అంతే. ఆ గోడకు రాయి మోసిందెవరు, సున్నం గానుగ తిప్పిందెవరు, దొర గుర్రం దిగకముందు ఆ పేటలో ఏ పేర్లతో ఏ మనుషులు బతికారు, ఒక్క ముక్క ఉండదు.

ఇది మరుపు కాదు. చరిత్రను ఎవరి పేరుతో రాయాలో ముందే తేల్చుకుని రాసే అలవాటు.

ఈ అలవాటు మనొక్కరి విషయంలోనే అని మేము అనడం లేదు. ఒంగోలు సంగతి చూడండి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని, అది క్లౌ దొర ఘనత అని బాప్టిస్టు సంఘాల్లో చిన్న పిల్లవాడు కూడా చెబుతాడు. కానీ దొర ఒంగోలు చేరిన తొలినాళ్లలోనే తాళ్లకొండపాడు నుంచి తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ మాదిగ పల్లెలన్నిటికీ ఆ మాట మోసింది యెర్రగుంట్ల పేరయ్య. ఆయన భార్య నాగమ్మ. పేరయ్య అంతకుముందే నాసరయ్య అనే యోగి దగ్గర శిష్యుడు, అంటే దేవుడి గురించి తన సొంత వెతుకులాట ఉన్న మనిషి. మాదిగ యువకులు ఇప్పుడు ఆ పేరును పైకి తీసి పట్టుకున్నారు. మంచి పని చేశారు. మనం ఇంకా ఆ పనికి చేయి పెట్టలేదు.

ఆంగ్లికన్ సంఘాల సంగతి వేరే చెప్పాలి. మన తీర మైదానాన్ని లూథరన్లు, బాప్టిస్టులు పంచుకున్నారు. ఇంగ్లండు చర్చి వాళ్లు అటూ ఇటూ నిలబడ్డారు. కృష్ణకు ఆవల మచిలీపట్నంలో 1841లో దిగిన సి.ఎం.ఎస్. వారు బెజవాడ, ఏలూరు, ఖమ్మం దాకా పోయారు. నల్లమల అంచున ముత్యాలపాడు, కలసపాడు, గిద్దలూరు వైపు ఎస్.పి.జి. వారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు కర్నూలు జిల్లాలోనిదే. 1912లో దోర్నకల్‌కు అజరయ్య గారు బిషప్పయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు ఆయన. 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ. ఏర్పడింది. ఇదంతా పుస్తకాల్లో ఉంది, దానికి మా వ్యాసం అక్కర్లేదు.

మాకు పనికొచ్చేది వాళ్ల రిజిస్టరు. ఆంగ్లికన్ పారిష్ అంటే ఎంత చిన్న పల్లెదైనా మూడు పుస్తకాలు ఉండాలి: బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు. బాప్తిస్మపు పుస్తకంలో గళ్లు గీసి ఉంటాయి. బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఉండే చోటు, చేసే పని, నీళ్లు పోసిన అయ్యగారి సంతకం. తల్లి పేరుకు ఒక గడి ఉందన్న సంగతి గమనించండి. ఊరి కరణం పుస్తకంలో, పట్టా కాగితంలో మన ఆడవాళ్ల పేరు ఏనాడైనా ఉందా? సెంటు భూమి లేని మనిషి, పన్ను కట్టని మనిషి, ఓటు లేని మనిషి కూడా ఆ పుస్తకంలో ఒక వరుసకు హక్కుదారు. చర్చి చరిత్ర రాసేవాళ్లు ఆ పుస్తకం పక్కన పడేసి దొర ఉత్తరాలు తిరగేస్తారు. పల్లె చర్చి అసలు చరిత్ర ఆ గళ్లలోనే ఉంది. పని అనే గడిలో ఏం రాశారో వరసగా చూస్తూ పోతే ఆ పల్లె ఎప్పుడు కూలి పల్లె అయిందో తెలిసిపోతుంది.

దుమ్ముగూడెం మనవాళ్లలో చాలామందికి తెలిసిన ఊరు. గోదావరిలో పడవలు నడిపే పథకం కోసం వచ్చిన ఇంజనీరు హేగ్ దొర చొరవతో 1860 ప్రాంతంలో అక్కడ కోయల మధ్య సి.ఎం.ఎస్. మిషన్ మొదలైంది. తర్వాత జాన్ కెయిన్ అనే అయ్యగారు దశాబ్దాలు అక్కడే ఉండి కోయ భాష నేర్చుకున్నాడు, కోయల ఆచారాల మీద వ్యాసాలు రాశాడు. సువార్తను కోయలోకి తెచ్చారు. ఇందులో మెచ్చుకోవలసింది ఉంది, దాచం. కోయ మాట కూడా అచ్చులో నిలబడగల మాటేనని ఆ పని రుజువు చేసింది. కానీ ఆ మాటలు దొరకు నేర్పిన కోయ మనిషి ఎవరు? ఎన్ని సాయంత్రాలు కూర్చోబెట్టి ఒక్కో మాటకు అర్థం చెప్పి ఉంటాడు? దుమ్ముగూడెం అనగానే హేగ్, కెయిన్ అంటాం. గురువు పేరు పోయి శిష్యుడి పేరు నిలిచిన వింత ఇది. ఉపాధ్యాయులం గనుక ఇది మాకు కొంచెం ఎక్కువగానే గుచ్చుకుంటుంది.

ఇక మన మైదానానికి వద్దాం. బాపట్లకూ చీరాలకూ మధ్య, మద్రాసు రైలు మార్గం మీద, స్టువర్టుపురం. ఊరికి ఒక తెల్ల అధికారి పేరు. మద్రాసు గవర్నరు కౌన్సిలులో సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్. రైలు స్టేషను బోర్డు మీద ఇప్పటికీ ఆయన పేరే. అక్కడ ప్రార్థన మందిరం కట్టింది ఆంగ్లికన్లు కాదు, సాల్వేషన్ ఆర్మీ, అంటే రక్షణ సైన్యం. (1882లో ఇంగ్లండు చర్చి వాళ్లు ఈ సైన్యాన్ని తమలో కలుపుకోవాలని మాట్లాడి, కుదరక వదిలేశారు. కలుపుకుని ఉంటే మనకూ ఆ మూడు పుస్తకాలు దక్కేవేమో!) రక్షణ సైన్యం వారికి బాప్తిస్మం లేదు, ప్రభువు భోజనమూ లేదు, అది వాళ్ల సిద్ధాంతం. కాబట్టి బాప్తిస్మపు రిజిస్టరు అన్నదే లేదు. మరి స్టువర్టుపురంలో మన తాతముత్తాతల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి? పోలీసు పుస్తకంలో. వేలిముద్రలతో సహా.

అక్కడిదాకా ఎలా వచ్చామో పిల్లలకు చెప్పాలి, ఎందుకంటే ఏ పాఠంలోనూ లేదు. ఎరుకల వాళ్లలో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల, పరికముగ్గుల ఎరుకల అని తెగలున్నాయి. ఆ పేర్లలోనే మన పనులున్నాయి. తీరాన ఉప్పు మడుల నుంచి ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు పోయేవాళ్లం. తిరిగి వచ్చేటప్పుడు గింజలు తెచ్చేవాళ్లం. వెదురు దబ్బలతో బుట్టలు, గాదెలు అల్లేవాళ్లం. నేతగాళ్ల మగ్గాలకు కుంచెలు కట్టేవాళ్లం. మన ఆడవాళ్లు ఎరుక చెప్పేవాళ్లు. అంటే ఊరికి అవసరమైన జాతి. తెల్ల ప్రభుత్వం ఉప్పును తన గుప్పిట్లో బిగించింది. రైలు వచ్చి ఎద్దుల బిడారుల పని తీసేసింది. 1876–78 నాటి ధాత కరువులో పశువులు పోయాయి. 1882 అడవి చట్టంతో వెదురు కొట్టడం, పశువులు మేపడం కూడా నేరం కిందికి వచ్చాయి. ఒక తరంలో ఇన్ని దెబ్బలు తిన్న జాతి కదులుతూనే ఉంది, కానీ చేతిలో సరుకు లేదు. సరుకు లేకుండా తిరిగేవాణ్ని చూసి ప్రభుత్వం దొంగ అంది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి ఈ సంగతంతా పాత కాగితాల నుంచి వెలికితీసి 2001లో పుస్తకం వేశారు. అది ఇంగ్లీషులో ఉంది. మన టీచర్లలో ఎందరికి అందింది?

1930లో గాంధీ గారు ఉప్పు కోసం దండికి నడిస్తే దేశం లేచి నిలబడింది, మనమూ గర్వపడతాం. ఆయన కంటే యాభై ఏళ్ల ముందు అదే ఉప్పు చట్టం మన తాతల మూపురపు బరువు దించేసి రోడ్డున పడేస్తే అది ఉద్యమ చరిత్రలోకి రాలేదు, పోలీసు చరిత్రలోకి వెళ్లింది.

నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తరాన పుట్టింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఒక మనిషి నేరం చేశాడా లేదా అన్నది ఈ చట్టానికి అక్కర్లేదు, ఏ కడుపున పుట్టాడన్నది చాలు. పేరు రిజిస్టరులో ఎక్కాలి, వేలిముద్ర ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర నుంచి విడదీసి సంస్కరణ బడిలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. బడి అనే మాటను మనపైకి ఆయుధంగా దూసిన మొదటి సందర్భం అది. ఆ తర్వాత రెండు మూడేళ్లకు స్టువర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. కృష్ణ ఒడ్డున సీతానగరం రక్షణ సైన్యానికి, నెల్లూరు జిల్లా కావలి అమెరికన్ బాప్టిస్టులకు. ప్రభుత్వం జైలు నడిపే పనిని మిషన్లకు అప్పగించింది.

రక్షణ సైన్యాన్ని ఈ దేశానికి తెచ్చిన బూత్-టక్కర్ ఒకప్పటి ఐ.సి.ఎస్. అధికారి. ఆయన ఈ పని మీద ఒక పుస్తకం రాసి దానికి క్రిమినోక్యూరాలజీ అని పేరు పెట్టాడు. అంటే నేరానికి వైద్యం. మనం రోగం, ఆయన డాక్టరు. చర్చి సంచికల్లో వచ్చే ఆ ఒక్క వాక్యం పుట్టిల్లు ఇదే. పాస్టరు గార్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. కానీ ప్రతి సువార్త కూడికలో ‘మీ తాతలు దొంగలు, దొర వచ్చి మార్చాడు’ అని మన పిల్లల ముందు సాక్ష్యం చెప్పేటప్పుడు వాళ్లు చదువుతున్నది బైబిలు కాదు, పోలీసు రిజిస్టరు.

స్టువర్టుపురాన్ని వ్యవసాయ సెటిల్మెంటు అన్నారు. ఇచ్చిన నేల పల్లపు నేల, పంట సరిగా రాని నేల. సేద్యం గిట్టని చోట కాళ్లు కట్టేసి కూర్చోబెట్టిన మనుషులు ఎక్కడికి పోతారు? చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీ వచ్చింది. మనవాళ్లు ఆకు పనికి తరలారు. పాసు ఉన్న కూలీ పనికి డుమ్మా కొట్టలేడు, యజమానికి ఇంతకంటే ఏం కావాలి? సంస్కరణ, వేతనం, ప్రార్థన, పోలీసు నాలుగూ ఒకే గొలుసుకు కట్టి ఉన్నాయి.

ఇక్కడ ఒక ముచ్చట. 1921లో పక్కనే చీరాల-పేరాల ఉద్యమం జరిగింది. మున్సిపాలిటీ పన్ను కట్టం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఊరు ఖాళీ చేసి రామనగర్‌లో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. గొప్ప పోరాటం. మేమూ పిల్లలకు ఉత్సాహంగా చెబుతాం. అదే ఏడు, కొద్ది మైళ్ల దూరంలో, ఊరు వదిలి కదిలితే జైలుకు పంపే ఇంకో ఊరు ఉందని ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. ఒకరికి ఊరు వదలడం సత్యాగ్రహం. మనకు నేరం.

మీరిలా రాస్తే కృతఘ్నత కాదా అని మన పెద్దవాళ్లే అడుగుతారు. అడగాలి కూడా. సైన్యం వాళ్లు అక్షరం నేర్పలేదా, ఆసుపత్రి పెట్టలేదా, ఇంకెవరు మన గడప తొక్కారు? నిజమే. అగ్రహారాలు మన నీడను తప్పించుకుని పోయిన రోజుల్లో మిషన్ నర్సమ్మ మన బిడ్డను ఎత్తుకుంది. ఆ బడిలో అఆలు దిద్దిన ముసలాళ్ల మనవళ్లే ఇవాళ టీచర్లు, రైల్వే ఉద్యోగులు. ఆ రుణం కాదనం. ప్రార్థన మందిరంలో డప్పు, పాట, చప్పట్లతో మనవాళ్లు కట్టుకున్న ఓదార్పు కూడా నిజమైనదే, అది దొర ఇచ్చింది కాదు, మనవాళ్లే కట్టుకున్నది. పలకతో పాటు పాసు కూడా ఇచ్చారని చెప్పడం కృతఘ్నత కాదు. రెండూ చెప్పినవాడే చరిత్ర చెప్పినట్టు. పైగా మన కుర్రు భాషను ఆ సెటిల్మెంట్లలో ఎవరు పట్టించుకున్నారు? దుమ్ముగూడెంలో కోయకు దక్కిన ఆ కాస్త గౌరవం కూడా స్టువర్టుపురంలో దానికి దక్కలేదు. దొంగల గుసగుస భాష అని పోలీసులు ముద్ర వేసిన మాటను నేర్చుకోవాలని దొరకు ఎందుకనిపిస్తుంది?

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. విముక్త జాతులం అయ్యాం. కానీ వెనువెంటనే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, ముద్ర మిగిలింది. 1970లలో జాషువా గారి కుమార్తె హేమలతా లవణం, లవణం గార్లు స్టువర్టుపురం వచ్చి పనిచేశారు. వాళ్లు నాస్తికులు. వాళ్ల శ్రమ మీద మాకు గౌరవం ఉంది. అయినా పత్రికలు దాన్ని కూడా దొంగలు మారిన కథగానే అమ్ముకున్నాయి. 1991లో ఊరి పేరు మీద సినిమాలు వచ్చాయి, 2023లో టైగర్ నాగేశ్వరరావు అని మరొకటి. దొర ఆస్తికుడు, లవణం గారు నాస్తికులు, సినిమావాళ్లకు ఏ బాధా లేదు. ముగ్గురి కథా మొదలయ్యేది మాత్రం ఒకే చోట, మన దొంగతనం దగ్గర. అంతకుముందు ఉప్పు మూటల రోజులు ఉన్నాయన్న ఊహే ఎవరికీ లేదు.

ఇప్పుడు మరో గుంపు బయల్దేరింది. చర్చికి పోయే ఆదివాసీ ఆదివాసీయే కాడు, షెడ్యూల్డు తెగల జాబితా నుంచి తీసేయండి అంటున్నారు. డీలిస్టింగ్ అని దానికి పేరు. 1950 ఉత్తర్వుల్లో షెడ్యూల్డు కులాలకు మతం షరతు ఉంది, తెగలకు లేదు. దళిత క్రైస్తవులకు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దాల్సింది పోయి, దాన్నే మనకూ పంచుతామంటున్నారు! 2004లో కేరళ రాష్ట్రం వర్సెస్ చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: మతం మారినంత మాత్రాన తెగ పోదు. అయితే ఆ మనిషి ఇంకా తన తెగ ఆచారాల్లో, కట్టుబాట్లలో ఉన్నాడా, తెగ అతన్ని తనవాడనుకుంటోందా అన్నది చూడాలి అంది.

ఈ రెండో ముక్క దగ్గరే మన చర్చి సంచికలు మన మెడకు చుట్టుకుంటాయి. ‘పాత ఆచారములన్నియు విడిచిపెట్టిరి’ అన్న తరహాలో పాస్టరు గారు ఘనంగా అచ్చు వేయిస్తారు. ఎంత విడిచిపెడితే అంత గొప్ప సాక్ష్యం అనుకుంటారు. రేపు ఎవడో ఆ పేజీ జిరాక్స్ తీసి కలెక్టరు ముందు పెడతాడు. వాస్తవం ఏమిటి? చర్చికి పోయే ఎరుకల ఇంట్లో కూడా పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మొదట అడిగేది సాతుపాడా, కావాడా, మానుపాడా, మేంద్రగుత్తా అనే. తగువు వస్తే కులపెద్దల పంచాయతీయే. ముసలమ్మలు చెవిలో చెప్పుకునేది కుర్రు మాటే. మనం ఏదీ విడిచిపెట్టలేదు. విడిచిపెట్టామని దొరకు చెప్పుకోవాల్సి వచ్చింది, ఆయన దాన్ని తన రిపోర్టులో రాసుకున్నాడు, ఆ రిపోర్టునే మనం మన చరిత్ర అనుకుని మళ్లీ మళ్లీ అచ్చు వేసుకుంటున్నాం.

కాబట్టి యువకులకు ఒక మాట. మీ పేటలో చర్చికి యాభై ఏళ్లో వందేళ్లో నిండితే, సంచిక పని మీరు తీసుకోండి. దొర ఫొటో ఉండనివ్వండి, దాని పక్కన ఆ పేటలో మొదట వచ్చిన ఇళ్ల పేర్లు వేయండి. బాప్తిస్మపు పుస్తకం ఉన్న సంఘమైతే పాస్టరు గారిని అడిగి ఆ గళ్లు చేత్తో ఎక్కించుకోండి, చెదలు తినకముందే ఫోనుతో ఫొటోలు తీయండి. పుస్తకమే లేని చోట సమాధుల తోటకు పొండి, ముసలాళ్లను కూర్చోబెట్టండి. ఎవరి గోత్రం ఏమిటి, ఎవరు ఎక్కడి నుంచి ఎప్పుడు తోలబడ్డారు, ఎవరు ఆకు పనికి పోయారు, ఎవరు పాసు లేకుండా పోయి దెబ్బలు తిన్నారు. మనలో నిజంగానే దొంగతనం చేసినవాళ్లుంటే అదీ రాయండి, ఏ కరువులో, ఏ ఆకలికి చేశారో దాంతో పాటు రాయండి.

టీచర్లకు ఇంకో మాట, ఇది మాకు మేము చెప్పుకునేది. చర్చి పుస్తకం అయ్యగారి చేతిలో ఉంది, వేలిముద్రల పుస్తకం స్టేషనులో ఉండేది. మూడో పుస్తకం మన చేతిలోనే ఉంది, బడి అడ్మిషన్ రిజిస్టరు. అందులోనూ గళ్లున్నాయి. కులం, మతం, మాతృభాష, పుట్టుమచ్చలు. మిరప కోతలకు పోయి వచ్చిన తల్లి జూన్‌లో బిడ్డను తెచ్చి నిలబెడితే మనం ఏం చేస్తున్నాం? పుట్టుమచ్చలు మాత్రం చొక్కా ఎత్తి మరీ వెతుకుతాం. మాతృభాష గడి దగ్గర అడగనే అడగం, తెలుగు అని రాసేస్తాం. తన పేట పేరు చెప్పగానే పిల్లవాడి సంచి వైపు చూసే ఉపాధ్యాయుణ్ని మేము ఒక బడిలో కళ్లారా చూశాం. ఆ గది గోడ మీద సత్యమే పలకవలెను అని రాసి ఉంది.

వచ్చే జూన్‌లో ఆ తల్లిని కుర్చీ మీద కూర్చోబెట్టండి. ‘ఇంట్లో ఏ మాట మాట్లాడుకుంటారమ్మా?’ అని అడగండి. ఆమె భయపడి తెలుగే అంటుంది, ఇంకోసారి అడగండి. ఎరుకల అని చెబితే ఎరుకల అనే రాయండి. తల్లి పేరు గడిలో ఆమె చెప్పిన పేరు, చర్చిలో పెట్టిన పేరూ ఇంట్లో పిలిచే పేరూ రెండూ ఉంటే రెండూ రాసి, ఆమెకు చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోండి.